ఆసామి సంతకం దొరకని కౌలు రైతు గురించి: అధికారులకు, బ్యాంకర్లకు బహిరంగ లేఖ

గుంటూరు

రాష్ట్ర రెవెన్యూ, వ్యవసాయ శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు, రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి సభ్యులకు నమస్కారాలు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో ఇరవై ఆరేళ్లు గుమస్తాగా పనిచేసి ఇటీవలే విరమించుకున్నవాడిని. కాటా వేసిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, రైతు చేతికిచ్చే పట్టీ (అమ్మకపు చీటీ), ఆ పట్టీలో మినహాయించుకునే అప్పు, వడ్డీ, ఇవన్నీ నా చేతితో రాశాను. మా నాన్న కౌలు రైతు. మా తమ్ముడు ఈనాటికీ పల్నాడులో, సాగర్ కుడి కాలువ చివరి భూముల్లో, నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తున్నాడు. పొలం తనే సాగు చేస్తున్నట్టు తెలిపే పంట సాగుదారు హక్కు పత్రం (కౌలు కార్డు) ఇప్పించమని గత రెండేళ్లలో, అర్జీలు తీసుకునే మూడు సోమవారాల్లో, అర్జీ పెట్టుకున్నాడు. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. మూడుసార్లూ కొద్దిరోజుల్లోనే ఫోనుకు సందేశం వచ్చింది: భూయజమాని అంగీకారం లేనందున అర్జీ పరిష్కరించబడినది. పరిష్కారమైన అర్జీ మీద మళ్లీ అడగడానికి దారి లేదని చెప్పిన తర్వాతనే ఈ లేఖ అందరి ముందు పెడుతున్నాను. ఆ మాట చెప్పిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు. నిబంధన అలా ఉంది, ఆయన అలా చేశారు. నా ఫిర్యాదు ఆ నిబంధన మీదనే.

పల్లెల్లో పేదరికానికి కారణాలు అడిగితే వానలు లేవని, నీళ్లు లేవని, చదువు లేదని, కమతాలు చిన్నవని చెబుతారు. అవన్నీ నిజమే. మన రాష్ట్రంలో సగటు కమతం 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 0.94 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలకు లోపే. కానీ మా జిల్లాల్లో నల్లరేగడి ఉంది, కృష్ణా డెల్టా ఉంది, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఉంది, సాగర్ కాలువలు ఉన్నాయి, ఆసియాలోనే పెద్దదని పేరున్న మిర్చి మార్కెట్ ఉంది. ఇన్ని ఉన్న చోట కూడా పొలంలో నిలబడి పండించేవాడు అప్పులతోనే ఎందుకు బతుకుతున్నాడో, ఇరవై ఆరేళ్ల పట్టీలు రాసిన తర్వాత నాకు ఒక్క జవాబు దొరికింది. ప్రభుత్వం రైతుకు చేసే ప్రతి మేలూ భూమి కాగితం వెంట నడుస్తుంది. ఆ కాగితం మీద పేరున్నవారిలో చాలామంది ఇప్పుడు పొలం చేయడం లేదు. చేస్తున్నవాడి పేరు ఏ కాగితం మీదా లేదు.

మాటలకన్నా లెక్క మేలు కనుక మా తమ్ముడి 2024-25 మిర్చి లెక్క ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక్క కుటుంబం లెక్క మాత్రమే, సగటు అని నేను అనడం లేదు. రెండు ఎకరాలకు ముందుగా చెల్లించిన కౌలు 80,000 రూపాయలు. దుక్కి, నారు 45,000. ఎరువులు, పురుగుమందులు 1,30,000. కలుపు, నీరు 40,000. కోత కూలి 95,000. సంచులు, రవాణా, హమాలీ 20,000. మొత్తం 4,10,000. దిగుబడి 36 క్వింటాళ్లు. అందులో 31 క్వింటాళ్ల మంచి కాయకు క్వింటాలుకు సగటున 11,000 వచ్చింది, 5 క్వింటాళ్ల తాలుకు (నాసిరకం కాయకు) క్వింటాలుకు 5,500 వచ్చింది. చేతికి వచ్చింది 3,68,500. అంటే వడ్డీ లెక్కించకముందే 41,500 నష్టం. పెట్టుబడిలో మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి, పది నెలలకు వడ్డీ 60,000. కలిపితే ఆ ఏడాది ఇద్దరు మనుషులు పగలూ రాత్రీ చేసిన కష్టానికి మిగిలింది 1,01,500 రూపాయల కొత్త అప్పు.

ఆ భూమి సొంతమై, కౌలు కట్టే పని లేకపోతే, అదే పంట, అదే ధర, వడ్డీకి ముందు 38,500 మిగిల్చేది. ఈ తేడా చూడమని కోరుతున్నాను. ధర పడిపోతే సొంత భూమి రైతు బాధపడతాడు, కౌలు రైతు కూలిపోతాడు. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య తేడా తెలివిలోనూ లేదు, కష్టంలోనూ లేదు.

ఇక సంతకం సంగతి. 1956 కౌలుదారీ చట్టం కౌలుకు హద్దు పెట్టి, కౌలుదారుకు గడువు రక్షణ కల్పించింది. ఉద్దేశం మంచిదే. కానీ కాగితం రాస్తే భూమి పోతుందన్న భయం అప్పటి నుంచే ఆసాముల్లో, అంటే భూయజమానుల్లో, నాటుకుంది, కౌలు నోటిమాటగా మారిపోయింది. 2004లో ప్రభుత్వం వేసిన రైతు సంక్షేమ కమిషన్, జయతీ ఘోష్ అధ్యక్షతన, కౌలు రైతులను నమోదు చేసి బ్యాంకు రుణాలు ఇవ్వాలని చెప్పింది. ఆ తర్వాత కోనేరు రంగారావు కమిటీ భూమి సమస్యలన్నీ పరిశీలించి 2006లో నివేదిక ఇచ్చింది. వాటి తర్వాత 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. అందులో రుణ అర్హత కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరి కాదు. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఇది పదకొండు నెలల పత్రం, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, పంట మీద మాత్రమే హక్కు ఇస్తుంది. ఆసామి భయం తీర్చడానికే ఇలా రాశారని అర్థమవుతూనే ఉంది. కానీ ఆ పత్రానికి ఆసామి సంతకం తప్పనిసరి చేశారు. భయం తీర్చడానికి చేసిన చట్టానికి భయపడేవాడి చేతిలోనే తాళం పెట్టారు.

మా తమ్ముడి ఆసామి విజయవాడలో ఉంటారు. చెడ్డమనిషి కాదు. ఒక పంట దెబ్బతిన్న ఏడు కౌలులో ఐదువేలు వదులుకున్నారు కూడా. సంతకం మాత్రం పెట్టరు. ఆయన చెప్పే కారణాలు మూడు. రేపు కోర్టులో ఈ కాగితమే చూపిస్తారేమోనన్నది మొదటిది. ఆ సర్వే నంబరు మీద ఆయన ఇప్పటికే పంట రుణం తీసుకున్నారు, కౌలు కార్డు వస్తే అది ఆగిపోతుందేమోనన్నది రెండోది. తన ఖాతాకు వస్తున్న రైతు సాయం పోతుందన్నది మూడోది. ఆసాములందరినీ నేను దోషులుగా నిలబెట్టడం లేదు. ఎకరం భూమి మీద వచ్చే కౌలుతో మందులు కొనుక్కునే ముసలివాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు కూడా ఆసాములే. వారికి భరోసా ఇవ్వవలసింది ప్రభుత్వం, వారిని ఒప్పించే పని కౌలు రైతు నెత్తిన పెట్టడం న్యాయం కాదు. వచ్చే ఏడు పొలం ఇస్తారో లేదో అన్న భయంతో చేతులు కట్టుకుని నిలబడేవాడు ఆసామిని సంతకం ఎలా అడుగుతాడు? అడిగినందుకే పొలం మరొకరికి మారిన సంగతులు నాకు తెలుసు.

ఈ ఒక్క సంతకం లేనందువల్ల జరుగుతున్నవి ఒక్కొక్కటిగా మనవి చేస్తాను.

1. అప్పు. రైతుకు మూడు లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణం 7 శాతం వడ్డీకి దొరుకుతుంది, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. పల్లెలో నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. లక్ష రూపాయలు పది నెలలు వాడుకుంటే గడువులోగా కట్టినవారికి బ్యాంకులో సుమారు 3,333 రూపాయల వడ్డీ అవుతుంది, మూడు రూపాయల వడ్డీకి తెస్తే 30,000 అవుతుంది. ఒకే ఊరిలో, ఒకే పంటకు, డబ్బు ధర తొమ్మిది రెట్లు. ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఒకటి నేను స్వయంగా చూశాను. బంగారం మీద పంట రుణం తక్కువ వడ్డీకి తీసుకుని, అదే డబ్బును అదే పొలం కౌలు రైతుకు రెండు రూపాయల వడ్డీకి తిప్పేవారున్నారు. వడ్డీ రాయితీ కోసం ప్రభుత్వం పెట్టిన ఖర్చు రైతు పేరు మీద మొదలై రైతుకు అప్పిచ్చేవాడి దగ్గర ఆగిపోతోంది.

కమీషన్ దుకాణం నుంచి పెట్టుబడి తెచ్చుకున్నవాడు ఆ దుకాణానికే సరుకు తేవాలి. ధర బాగాలేదని శీతల గిడ్డంగిలో పెట్టుకుని నాలుగు నెలలు ఆగే స్వేచ్ఛ అతనికి ఉండదు. ఎందుకంటే ఆగిన ప్రతి నెలకూ వడ్డీ నడుస్తుంది. నేను రాసిన పట్టీల్లో మొదటి కోత కాయ అమ్మి, అప్పు, వడ్డీ పోను ఇంటికి బస్సు ఛార్జీ కూడా మిగలక దుకాణంలోనే చేబదులు తీసుకుని వెళ్లినవారు ఉన్నారు. అలాంటి పట్టీ రాసిన రోజు అన్నం సహించేది కాదు. నేను జీతగాడిని, లెక్క రాయడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఈ లేఖ రాయడానికి అదీ ఒక కారణం.

జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2019లో మన రాష్ట్రంలో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద ఉన్న సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశ సగటు 74,121. దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా మనదే ఎక్కువ. డెల్టాలు, కాలువలు ఉన్న రాష్ట్రానికి ఈ స్థానం ఎలా వచ్చిందని మీలో ఎవరైనా అడిగారా?

2. నష్టపరిహారం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి ఎన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డు లంకల్లో అరటి, పసుపు, కంద మునిగిపోయాయి. లంకల్లో కౌలు ముందుగానే కట్టాలి. మునిగిన పంట కౌలు రైతుది, చేసిన అప్పు కౌలు రైతుది. పంట నమోదు ఆసామి పేరున ఉన్నచోట పరిహారం మాత్రం ఆసామి ఖాతాకు పోతుంది. మర్యాదగా పిలిచి ఇచ్చిన ఆసాములు ఉన్నారు, సగం ఇచ్చినవారు ఉన్నారు, ఫోను ఎత్తనివారూ ఉన్నారు. ప్రభుత్వ పరిహారం ఒకరి మంచితనం మీద ఆధారపడి చేరవలసిన చోటికి చేరడమా? పంట బీమా సంగతీ అంతే. ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమాల్లో కౌలు రైతు అర్హుడే. కాగితం చూపమంటారు, ఆ కాగితం లేదు.

2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని కొట్టినప్పుడు పల్నాడులో చాలామంది చేలకు చేలే పీకేశారు. అప్పుడు చేసిన అప్పు ఈనాటికీ ప్రామిసరీ నోట్లు తిరగరాసుకుంటూ, వడ్డీని అసలులో కలుపుకుంటూ వస్తున్న కుటుంబాలు మా ఊళ్లోనే ఉన్నాయి. పేదరికం ఒక ఏటి నష్టంతో రాదు. ఆ నష్టం పూడక మరుసటి ఏటికి మోసుకుపోవడం వల్ల వస్తుంది.

3. మద్దతు ధర. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలు 8,110, సాధారణ రకం వరి 2,369. ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి సరుకు తీసుకుపోతే పాసుపుస్తకం, పంట నమోదు అడుగుతారు. కౌలు రైతు ఆసామిని బతిమాలి ఆయన పేరున అమ్ముకోవాలి, డబ్బు ఆయన ఖాతాలో పడ్డాక మళ్లీ తిరగాలి. అంత ఓపిక లేనివాడు ఊళ్లోకి వచ్చిన బేరగాడికి తక్కువకే తూకం వేస్తాడు. 2025 ఫిబ్రవరిలో మిర్చికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించేనాటికి మా తమ్ముడి తొలి కోత అమ్ముడైపోయింది. అప్పటికే తక్కువకు అమ్మినవాడు తేడా ఇమ్మని అడగాలన్నా పంట నమోదు ఆసామి పేరు మీద ఉంది.

4. సాయాలు, మాఫీలు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు పేరు మీద భూమి ఉన్న కుటుంబాలకే. 2019లో రాష్ట్రం ఇచ్చిన రైతు భరోసా 13,500లో కౌలు రైతులకు చోటు దొరికింది, కానీ భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకే, అదీ కార్డు ఉంటేనే. 2008 కేంద్ర మాఫీ, 2014 రాష్ట్ర మాఫీ రెండూ బ్యాంకు అప్పులకే వర్తించాయి. ప్రైవేటు నోటు మీద అప్పు చేసినవాడికి వాటితో సంబంధమే లేదు. మాఫీ వార్త పేపరులో చదివి మా నాన్న నన్ను అడిగారు, అందులో మనకేమైనా ఉందా అని. ఏమీ లేదు నాన్నా అని చెప్పాను.

5. రాజధాని భూములు. 2015 నుంచి గుంటూరు జిల్లాలో భూసమీకరణలో భూమి ఇచ్చినవారికి ఎకరానికి ఏటా మెట్టకు 30,000, జరీబుకు (నది దగ్గరి సారవంతమైన భూమికి) 50,000 చొప్పున మొదలుపెట్టి పెంచుతూ కౌలు చెల్లిస్తామని ఒప్పుకున్నారు. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను ఇచ్చారు. ఆ పొలాలను అంతకుముందు రోజు వరకు సాగు చేసినవారు మాత్రం సాగుదారులుగా ఏ జాబితాలోనూ చేరలేదు. ఇప్పుడు మరికొన్ని గ్రామాల్లో సమీకరణ మాట నడుస్తోంది కనుక ఈ సంగతి గుర్తు చేస్తున్నాను.

6. మరణం తర్వాత. ఇది రాయడం కష్టంగా ఉంది. అప్పుల వల్ల ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి 7 లక్షల రూపాయల సాయం ఉంది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకులు ఉన్న త్రిసభ్య కమిటీ విచారణ చేస్తుంది. భర్త కౌలు రైతేనని ఆ ఇల్లాలు నిరూపించుకోవాలి. బతికి ఉండగా కార్డు మీద సంతకం పెట్టని ఆసామి, మనిషి పోయాక పోలీసు విచారణ ఉన్న కాగితం మీద పెడతాడా? నా దుకాణానికి ఏళ్ల తరబడి సరుకు తెచ్చిన ఒకాయన పోయిన తర్వాత ఆయన భార్య వచ్చి పాత పట్టీలు ఉంటే ఇమ్మని అడిగింది. తొమ్మిది పట్టీలు వెతికి ఇచ్చాను. ఆయన మిర్చి పండించాడనడానికి ప్రపంచంలో ఆమె దగ్గర ఉన్న రుజువు అదే. అది చాలదన్నారు.

7. కూలీలు, పిల్లలు. ఏటా మిర్చి కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మా జిల్లాలకు వచ్చి పొలాల పక్కన గుడారాల్లో ఉంటాయి. బడి ఈడు పిల్లలు వాళ్ల వెంటే వస్తారు. రెండు నెలలు బడి పోయిన పిల్లవాడు చాలాసార్లు తిరిగి వెళ్లడు. ఆ కుటుంబానికి కూలి ఇవ్వవలసింది ఈ కౌలు రైతే. అతని చేతిలో డబ్బు లేకపోతే కూలి ఆలస్యమవుతుంది, లేదా రెండో కోత చెట్టు మీదే ఎండిపోతుంది. భూమి లేని పేదవాడు, కౌలుకు చేసే పేదవాడు ఒకరి బతుకుకు ఒకరు ముడిపడి ఉన్నారన్నది పథకాలు వేరువేరుగా రాసేవారికి కనబడదు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సమస్య కాదు. 2024లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి వెలువరించిన లెక్కలో ప్రపంచంలో బహుముఖ పేదరికంలో (చదువు, ఆరోగ్యం, జీవన వసతుల లేమితో కొలిచే పేదరికంలో) ఉన్నవారు 110 కోట్లు, వారిలో 83.7 శాతం పల్లెల్లోనే ఉన్నారు. దున్నేవాడికి రక్షణ ఇచ్చిన చోట ఏం జరిగిందో కూడా చూడవచ్చు. తైవాన్‌లో 1949లో కౌలును పంటలో 37.5 శాతానికి మించకుండా కట్టడి చేశారు, తర్వాత దున్నేవాడికి భూమి ఇచ్చారు. పశ్చిమ బెంగాల్‌లో 1978 నుంచి ఆపరేషన్ బర్గా పేరుతో అధికారులే ఊళ్లకు వెళ్లి, సాయంత్రాలు సభలు పెట్టి, సాగుదారులు ఎవరో అందరి ముందు అడిగి రాసుకున్నారు. 14 లక్షలకు పైగా పాలుదారుల (పంటలో వాటాకు సాగుచేసేవారి) పేర్లు రికార్డుకెక్కాయి. బంగ్లాదేశ్‌లో 2009లో అక్కడి కేంద్ర బ్యాంకు 500 కోట్ల టాకాలు ఒక స్వచ్ఛంద సంస్థకు ఇచ్చి, హామీ లేకుండా పాలుదారులకు పంట రుణాలు ఇప్పించింది. ధనిక ప్రాంతాలు కావు అవి, ఆ రోజుల్లో.

మన దగ్గర సాగుదారు ఎవరో తెలియక కాదు. పంట నమోదు కోసం గ్రామ వ్యవసాయ సహాయకులు పొలం దగ్గరికి వెళ్తారు, పొలంలో ఫొటో తీస్తారు. ఆ పొలంలో ఎవరు దున్నుతున్నారో, ఎవరు మందు కొడుతున్నారో ఊరందరికీ తెలుసు, వారికీ తెలుసు. ఫోను తెరమీద మా తమ్ముడు నిలబడి ఉంటాడు. కార్డు లేదు కనుక పేరు మాత్రం విజయవాడలో ఉన్న ఆసామిదే పడుతుంది. దున్నేవాడిదే భూమి అని మా నాన్న తరం అడిగింది. మేము భూమి అడగడం లేదు. దున్నుతున్నాడని ఒక కాగితం అడుగుతున్నాం.

కనుక మా కోర్కెలు ఇవి.

1. 2019 చట్టాన్ని సవరించి, సాగుదారు పత్రానికి భూయజమాని సంతకం తప్పనిసరి అన్న నిబంధనను తొలగించండి. దాని బదులు గ్రామసభలో సాగుదారుల జాబితా చదివి, పొలం పక్క రైతులిద్దరి సాక్ష్యం తీసుకుని, భూయజమానికి నోటీసు పంపి, పదిహేను రోజుల్లో అభ్యంతరం రాకపోతే పత్రం ఇవ్వండి. అభ్యంతరం వస్తే తహసీల్దారు పొలంలోనే విచారించాలి, కార్యాలయంలో కాదు.

2. ఈ పత్రం వల్ల భూమి హక్కుకు ఏ భంగమూ రాదని, ఏ కోర్టులోనూ దీన్ని హక్కుకు రుజువుగా వాడరాదని పత్రం మీదనే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి. ఆసాములకు అర్థమయ్యేలా ఊరూరా చెప్పే బాధ్యత రెవెన్యూ శాఖ తీసుకోవాలి.

3. పంట నమోదులో సాగు చేస్తున్నవారి పేరే రాయాలి. పరిహారం, బీమా, మద్దతు ధర కొనుగోలు ఆ పేరు వెంటే నడవాలి. భూయజమానికి వచ్చే రైతు సాయాన్ని దీనితో ముడిపెట్టకండి. ఆయనకు వచ్చేది ఆగుతుందంటే ఈ జాబితా మళ్లీ అబద్ధాలతో నిండిపోతుంది. రైతు సాయం ఇద్దరిలో ఎవరికి చెందాలన్నది వేరే చర్చ. నా మట్టుకు నాకు, పండించేవాడికే చెందాలని ఉంది. కానీ అది తేలేవరకు నమోదు ఆగకూడదు.

4. బ్యాంకర్లకు ప్రత్యేకంగా మనవి. 2011 కార్డులకు ఆసామి సంతకం అవసరం లేకపోయినా వాటి మీద మీరిచ్చిన రుణాలు ఎంత కొద్దివో మీకు తెలుసు, మాకూ తెలుసు. కనుక కార్డు వచ్చినంత మాత్రాన అప్పు పుడుతుందని మేము భ్రమపడటం లేదు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి హామీ అడగకూడదని రిజర్వు బ్యాంకే చెప్పింది. ఆ సర్వే నంబరు మీద ఆసామికి రుణం ఉందన్న కారణంతో కౌలు రైతును తిప్పి పంపడం మానండి. భూమి తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు వేరు, పంట మీద ఇచ్చే పెట్టుబడి వేరు. నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఏర్పడే సంయుక్త బాధ్యతా బృందాలకు రుణాలివ్వడం నాబార్డు మార్గదర్శకాల్లో ఎప్పటినుంచో ఉంది, దాన్ని మళ్లీ బతికించండి. ప్రతి త్రైమాసిక సమావేశంలో కౌలు రైతులకు ఎన్ని రుణాలు, ఎంత మొత్తం, ఏ జిల్లాలో, ఏ బ్యాంకు ఇచ్చిందో విడిగా ప్రకటించండి. మొత్తం రుణాల్లో వ్యవసాయానికి ఇచ్చామని చెప్పే 18 శాతం వాటాలో బంగారం మీద ఇచ్చింది ఎంతో కూడా చెప్పండి.

5. ఎగవేత భయం బ్యాంకుకు నిజంగానే ఉంటే రాష్ట్ర ప్రభుత్వం కౌలు రైతుల రుణాలకు హామీ నిధి ఏర్పాటు చేయాలి.

6. ఇప్పుడు తయారవుతున్న రైతు విశిష్ట సంఖ్యల జాబితా భూమి రికార్డులతో మొదలైంది. కౌలు రైతులను తర్వాత చేరుస్తామంటున్నారు. ఆ 'తర్వాత' అన్న మాటకు ఒక తేదీ చెప్పండి. రేపు ఎరువు బస్తా నుంచి కొనుగోలు కేంద్రం దాకా అన్నిటికీ ఆ సంఖ్యే అడిగే రోజున ఇందులో లేనివాడు రైతే కాడని అంటారు.

7. చనిపోయిన కౌలు రైతు కుటుంబం విషయంలో కార్డు లేకపోయినా మార్కెట్ పట్టీలు, ఎరువుల దుకాణం బిల్లులు, పొరుగు రైతుల వాంగ్మూలం రుజువుగా తీసుకోవాలని త్రిసభ్య కమిటీలకు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ఇప్పటివరకు కార్డు లేదని తోసిపుచ్చిన దరఖాస్తులను తిరిగి తెరవండి. మహిళా సాగుదారుల పేర్లు భర్త పేరు చాటున కాకుండా విడిగా నమోదు చేయండి.

చట్టం సవరించడానికి సమయం పడుతుందని తెలుసు. మూడో కోర్కె మొదటి భాగం, నాలుగోది, ఏడోది చట్టం మార్చకుండానే ఉత్తర్వులతో, సర్క్యులర్లతో చేయగలిగినవి. కౌలు రైతు పెట్టుబడి కోసం ఊళ్లోకి బయలుదేరేది మే, జూన్ నెలల్లో. ఆ నెలలు దాటాక, మిర్చి నారు పోశాక, వచ్చే కార్డు ఆ ఏటి వడ్డీని తగ్గించలేదు. అందుకే ఖరీఫ్‌కు ముందే, జూన్ మొదటి వారంలోగా, ఈ మూడింటి మీద ఏం నిర్ణయించారో రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాను.

మా తమ్ముడు నాలుగో అర్జీ రాసి ఉంచాడు. దానితో పాటు గత మూడు అర్జీల రసీదులు, రెండేళ్ల పట్టీలు, పొలంలో తీసిన ఫొటో జత చేశాడు. వచ్చే సోమవారం తీసుకువస్తాడు. ఈసారి ఎవరైనా ఒక అధికారి అతనితో కలిసి ఆ పొలం దాకా వెళ్లి, పక్క పొలం రైతును ఒక్క మాట అడిగి, ఆ తర్వాత జవాబు రాయాలని ప్రార్థన.

ఇట్లు,
మిర్చి యార్డులో పట్టీలు రాసిన ఒక విశ్రాంత గుమస్తా,
గుంటూరు